పదిమంది కూటము

సంఘమనగానే మన మనస్సునకు ముందుగా తోచునది ఆలయము. మెదకులో 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆ మహాలయమును చూచినవారు దాని శిఖరపు టెత్తును మరువజాలరు. డోర్నకలులో 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయమును చూచినవారు దాని స్తంభములను, గుమ్మటములను వర్ణించి చెప్పుదురు. రాతితో కట్టినదానికి చరిత్ర యుండుట సహజము; దానిపై తేదీ చెక్కబడియుండును. కాని ఈ ఆలయములలో కూడిన ప్రజలు, ఆలయములు లేచుటకు ముందే, ఎక్కడనో ఒక యింటి అరుగుమీద, ఒక చింతచెట్టు క్రింద, ఒక నూనెదీపము చుట్టును పదిమందిగా కూర్చుండుట నేర్చికొనిరి. ఆ పదిమంది కూటమునకు శిలాశాసనము లేదు. అయినను తెలుగుదేశమున క్రైస్తవసంఘము నిలిచిన దెట్లని విచారించినచో ఆ కూటమును విడిచి సమాధానము చెప్పుట సాధ్యము కాదు. నేటి ప్రసంగమున దాని చరిత్రను కొంత విన్నవించెదను.

ఇబ్రహీంపట్నపు పెద్దలకు ఈ విషయము బోధపరచుటకు దూరపు దృష్టాంతములతో పని లేదు. మీ చెరువే చాలును. మన తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన ఇబ్రహీం కుతుబ్‌షా 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలెను. ఆయన పేరనే మీ పట్టణమును, ఆయన కాలపుదని చెప్పబడు మీ పెద్దచెరువును నేటికిని పిలువబడుచున్నవి. చెరువు ఎంత విశాలమైనను, కట్ట ఎంత గట్టిదైనను, చెరువులో నిలిచిన నీటివలన పైరు పండదు. నీరు తూము వెడలి, కాలువలో పారి, పిల్లకాలువలోనికి తిరిగి, మడి మడికిని చేరవలెను. ఏ మడికి నీ రందినదో, ఏ మడి యెండుచున్నదో కట్టమీద నిలుచుండి చూచువానికి తెలియదు. గట్లవెంట నడచు నీరడికే తెలియును. పెద్ద సంఘమునకును చిన్న కూటమునకును గల సంబంధ మిట్టిదే.

క్రైస్తవమత చరిత్రలో ఈ పద్ధతి మొదటినుండియు కలదు. మొదటి మూడువందల యేండ్లలో క్రైస్తవులకు మహాలయములు లేవు. వారు ఇండ్లలో కూడుకొనిరి. గుడారములు కుట్టి జీవించిన అకుల, ప్రిస్కిల్ల యను దంపతుల యింట సంఘము కూడుచుండెనని పౌలు వ్రాసిన పత్రికలవలన తెలియుచున్నది. సిరియాదేశమున యూఫ్రటీసు నదీతీరమునందలి దురా యూరోపస్ అను పాతపట్టణమును త్రవ్వినప్పుడు, క్రీస్తుశకము మూడవ శతాబ్దమునాటి యొక యిల్లు బయల్పడెను. నివసించుటకు కట్టిన సామాన్యపు టింటిని కొంత మార్చి, ఒక గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి, దానిని ప్రార్థనాస్థలముగా చేసికొనిరి. క్రీస్తుశకము 313లో కాన్‌స్టంటైను చక్రవర్తి కాలమున మతస్వాతంత్ర్యము లభించిన పిమ్మట విశాలమైన ఆలయములు లేచినవి. జనము పెరిగినది. పెరిగిన జనములో ఒకని కొకడు తెలియని స్థితియు పెరిగినది.

ఈ లోపమును గుర్తించి మరల చిన్న కూటములకు ప్రాణము పోసినవారిలో జర్మనీదేశపు స్పేనరు ముఖ్యుడు. ఆయన 1670లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున తన యింట కొందరిని చేర్చి వేదపఠనము, ప్రార్థన, పరస్పర సంభాషణ సాగించెను. 1675లో తాను ప్రకటించిన గ్రంథమున ఈ పద్ధతిని అందరికి సూచించెను. ఆయన మార్గము ననుసరించిన వారు హాలె నగరమున గొప్ప విద్యాకేంద్రమును నెలకొల్పిరి. అచ్చట చదివిన జీగెన్‌బాల్గు 1706లో తరంగంబాడికి వచ్చెను. అదే హాలెకు చెందిన బెంజమిను షుల్జ్ 1719లో వచ్చి, తరువాత మద్రాసున నివసించి తెలుగు నేర్చి, బైబిలును తెనిగించుటకు పూనుకొనెను. ఆయన స్వదేశమునకు మరలిన పిమ్మట 1746, 1747 సంవత్సరములలో హాలెలో కొన్ని చిన్న తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. తెలుగుభాషలో మొట్టమొదట అచ్చయిన పుస్తకము లవియే యని పండితులు చెప్పుదురు. ఫ్రాంక్‌ఫర్టులో ఒక యింట కూడిన కొలదిమంది ప్రభావము డెబ్బదియైదేండ్లకు తెలుగక్షరములను తాకినదని మనము గ్రహింపవలెను.

ఇంగ్లాండులో ఈ పద్ధతికి స్థిరమైన రూపము నిచ్చినవాడు జాన్ వెస్లీ. ఆ కథ వినదగినది. బ్రిస్టలు నగరమున వెస్లీ అనుచరులు కట్టుకొనిన ప్రార్థనామందిరము మీద అప్పు మిగిలియుండెను. 1742 ఫిబ్రవరి 15వ తేదీన ఆ యప్పు తీర్చు నుపాయమును గూర్చి సమాలోచన జరిగెను. ప్రతి సభ్యుడును వారమునకు ఒక పెన్నీ చొప్పున ఇయ్యవలెనని ఫాయ్ అను నోడకెప్టెను సూచించెను. పేదలు అంతమాత్రము నియ్యజాలరని ఒకరు ఆక్షేపించిరి. అందులకాయన, మిక్కిలి పేదలైన పదునొకండుగురిని తనకు అప్పగింపుడని, వారియొద్దకు వారము వారము తానే పోయెదనని, వా రియ్యలేనిచో వారి వంతును తానే చెల్లించెదనని చెప్పెను. ఇతరులును అట్లే పదునొకండుగురి చొప్పున బాధ్యత వహించిరి. నాయకునితో కలిసి పండ్రెండుగురు ఒక జట్టు.

పెన్నీలకొరకు ఇల్లిల్లు తిరిగినవారు కొలదిదినములకే వెస్లీయొద్దకు వచ్చి క్రొత్త సంగతులు చెప్పసాగిరి. ఒక యింట భర్త త్రాగుచున్నాడు. వేరొక యింట రోగి మంచమున నున్నాడు, అడుగువారు లేరు. ఇంకొక యింట అన్నదమ్ములకు మాటలు లేవు. ఆదివారమునాడు వందలమంది నడుమ కూర్చుండి పాటలు పాడినప్పుడు ఇవి యేవియు బయటికి రాలేదు. వెస్లీ వెంటనే గ్రహించెను: ధనము వసూలుచేయుటకు ఏర్పడిన జట్టు మనుష్యులను కనిపెట్టుటకు ఎంతయో తగినది. నాటినుండి ఆ జట్లు వారమున కొకసారి కూడుట నియమమయ్యెను. వాటికి క్లాసు కూటములని పేరు. నాయకుడు ప్రతివానిని కుశలమడుగును. బీదల నిమిత్తము వా రిచ్చినది పుచ్చుకొనును. రోగులను గూర్చి కాపరికి తెలుపును. ఆ నాయకులలో గనిపనివారును, సాలెవారును, స్త్రీలును ఉండిరి. మాటలాడుటకు అధికారము లేదని లోకము త్రోసివేసినవారు ఆ కూటములలో మాటలాడుట నేర్చిరి. మెథడిస్టు సంఘము వ్యాపించుటకు వెస్లీ ప్రసంగముల కంటె ఈ కూటములే ఎక్కువగా కారణమని వాదించు చరిత్రకారులు కలరు.

ఇక మన దేశమునకు వత్తము. లండను మిషనరీ సంఘమువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. అమెరికా బాప్టిస్టులలో మొదటివాడైన శామ్యూల్ డే 1836లో వచ్చి, 1840లో నెల్లూరున నిలిచెను. సంవత్సరములు గడచినను ఫలము కనబడలేదు. 1853లో అమెరికాలో జరిగిన సభయందు, ఈ తెలుగు మిషనును మూసివేయుదమా యని చర్చ వచ్చెను. పటముమీద ఒంటినక్షత్రమువలె నుండుటచేత దానికి ‘లోన్ స్టార్’ అను పేరు వచ్చినది. మూయరాదని చివరకు నిశ్చయించిరి.

ఆ చర్చ జరిగిన కొన్ని నెలలకు, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఒంగోలు ప్రక్కనున్న గుట్టమీదికి ఐదుగురు ఎక్కిరి. లైమన్ జూయెట్ అను మిషనరీ, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అను ముగ్గురు దేశీయ క్రైస్తవులు. క్రింద ఒంగోలు, చుట్టును పల్లెలు. అప్పటికి ఒంగోలున సంఘము లేదు, ఆలయము లేదు, పాఠశాల లేదు. ఆ యైదుగురు అక్కడ మోకరించి ప్రార్థించి, ఆ యూరికి ఒక పనివానిని పంపుమని దేవుని వేడుకొనిరి. పనివాడు రావలెనన్న పండ్రెండేండ్లకు పైగా పట్టినది. జాన్ క్లౌ దొర 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలునకు వచ్చెను. ఆ గుట్టకు ప్రార్థన కూటపు కొండ యని పేరు నిలిచినది. ఐదుగురిలో ముగ్గురు ఈ దేశపువారనియు, ముగ్గురు స్త్రీలనియు మనము మరువరాదు.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలులో సంఘము ఏర్పడెను. సభ్యులు ఎనమండుగురు. అదే మాసమున ఒంగోలునకు దూరముననున్న తాళ్లకొండపాడునకు క్లౌ బయలుదేరెను. అచ్చట యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద యుండెను. ఆయన తోలువర్తకము చేయుచు దేశము తిరిగినవాడు. క్రైస్తవు డగుటకు ముందు రాజయోగ సంప్రదాయపు గురువులయొద్ద కూర్చుండి తత్త్వవిచారము చేసినవాడు. ఇది గమనింపదగిన విషయము. అక్షరజ్ఞానము లేనివారని పైవా రనుకొనిన పల్లెలలో, గురువు చుట్టును నలుగురైదుగురు కూడి రాత్రివేళ జ్ఞానచర్చ చేయు అలవాటు మిషనరీలు రాకముందే యుండెను. భజనకూటములు, తత్త్వములు పాడు బృందములు మన పల్లెలకు క్రొత్తవి కావు. పేరయ్య ఆ అలవాటునే క్రొత్త విశ్వాసమునకు వినియోగించెను. తన బంధువులకు, పరిచితులకు తాను విన్నది చెప్పెను. క్లౌ వెళ్లునప్పటికి చుట్టుప్రక్కల పల్లెలనుండి ముప్పది నలువదిమంది బట్టల మూటలతో వచ్చి చెట్ల క్రింద వేచియుండిరి. ఐదుదినములు కూటములు జరిగిన పిమ్మట 28 మంది బాప్తిస్మము పొందిరి. దొర చేసినది బోధ. కూటమును కూర్చినవాడు పేరయ్య.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును గొప్ప కరవు పీడించెను. క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడుమైళ్లకు పైగా గుత్తకు తీసికొని వేలమంది కూలీలకు పని కల్పించెను. బోధకులే మేస్త్రీలుగా నుండిరి. కూలి నిమిత్తము మతములో చేరుదురేమోయను శంకచేత కరవు పని సాగుచున్నంతకాలము ఆయన బాప్తిస్మము లియ్యలేదు. కరవు తగ్గిన పిమ్మట గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లియొద్ద, 1878 జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మూడుదినములలో మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. రెండవదినపు సంఖ్య లోకమంతట ప్రసిద్ధి కెక్కినది. చరిత్రపుస్తకములు సాధారణముగా ఇచ్చట ఆగిపోవును. కాని అసలు కష్టము ఇచ్చటనే మొదలయ్యెను.

ఒక్క దినమున రెండువేలమంది నదిలో దిగవచ్చును. మరునాడు వారు ఎవరి పల్లెకు వారు పోవలెను. ఒక పల్లెలో మూడిండ్లు, ఒక పల్లెలో ఎనిమిదిండ్లు. బోధకులు చాలినంతమంది లేరు. క్లౌ కోరిన నియమములు ముఖ్యముగా మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. పలుకుటకు ఇవి చిన్నమాటలు. గ్రామములో నివసించు మాదిగ కుటుంబమునకు ఇవి జీవన్మరణ సమస్యలు. ఆదివారము పనికి రాననిన కాపు కోపించును. జాతరకు డప్పు కొట్టననిన ఊరంతయు కోపించును. కోపించినచో కళ్లములో మేర గింజలు రావు, బావిదారి మూసివేయుదురు, చేసిన అప్పు వెంటనే చెల్లింపుమందురు. ఒక్క కుటుంబము ఒంటరిగా ఇంత బరువును మోయలేదు. ఐదారిండ్లవారు ప్రతిరాత్రి కూడి, ఒకరి కడుపుసంగతి ఒకరు అడిగి, గింజలున్న యిల్లు గింజలు లేని యింటికి సేరు తవ్వెడు ఇచ్చి, రేపు ఏమి చెప్పవలెనో కలిసి ఆలోచించుకొనినచో మోయగలరు. ఆనాడు నిలిచినవారు ఇట్లే నిలిచిరి. పల్లె పెద్దల పంచాయతీని క్లౌ త్రోసివేయక, సంఘకార్యములకు ఆ పెద్దలనే వినియోగించెను. మూడునెలల కొకసారి బోధకులు ఒంగోలున కూడి తమ తమ పల్లెల సంగతులు చెప్పుకొనుచుండిరి. పల్లెలో చిన్నకూటము, ఒంగోలులో పెద్దకూటము. ఈ రెండింటి నడుమ రాకపోకలే ఆ సంఘమునకు నరములు.

డోర్నకలు ప్రాంతమున ఈ చరిత్రయే మరియొక విధముగా సాగెనని చెప్పుటకంటె, మన తెలంగాణపు గడ్డమీదనే సాగెనని చెప్పుట యుక్తము. తిరునెల్వేలి సీమలో 1874లో జన్మించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకలునకు వచ్చెను. 1912 డిసెంబరు 29వ తేదీన ఆయన బిషపుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయనయే. 1910లో ఎడింబరో మహాసభయందు ఆయన చేసిన ప్రసంగము ప్రసిద్ధము. పడమటి మిషనరీలు ధనము నిచ్చిరి, ప్రాణముల నిచ్చిరి, తమకు కావలసినది స్నేహితులని ఆయన ఆ సభలో తెలియజెప్పెను. ఒకే మేజాబల్లయొద్ద కూర్చుండని సహవాసము సహవాసము కాదన్న తలంపు ఆ ప్రసంగమున ఉన్నది.

డోర్నకలు అధ్యక్షమండలములో అజరయ్య గ్రామసభలకు ప్రాముఖ్యము నిచ్చెను. కూలిపని ముగించుకొని వచ్చినవారు ప్రతిసాయంకాలము గ్రామోపాధ్యాయుని యొద్ద ప్రార్థనకు కూడవలెను. చదువురానివారు ప్రార్థనలను, కీర్తనలను, బైబిలు కథలను నోటితో నేర్చుకొనవలెను. స్త్రీలు వండుటకు బియ్యము కొలిచినప్పుడెల్ల పిడికెడు గింజలు తీసి వేరుకుండలో వేసి దేవునిపనికి ఇచ్చు ఆచారము అచ్చట బలపడెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన పొరుగువానికి సాక్షిగా నుండవలెనని బోధించిరి. అజరయ్య 1945 జనవరి 1వ తేదీన పరమపదించెను. ఆయన కట్టించిన ఆలయము చూచుటకు నేటికిని జనులు పోవుదురు; కాని ఆ ఆలయమునకు పునాది యేదియని అడిగినచో ఆ పిడికెడు గింజల కుండలను చూపవలసియుండును.

మెదకు ప్రాంతమున పనిచేసినవారు వెస్లీ సంప్రదాయమునకే చెందినవారు. బ్రిస్టలులో పుట్టిన పండ్రెండుగురి కూటపు భావము ఈ మార్గమున హైదరాబాదు సంస్థానము చేరినది. చార్లెసు పాస్నెట్ దొర పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున వచ్చి మెదకును కేంద్రముగా చేసికొనెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఆంగ్లికనులును, మెథడిస్టులును, దక్షిణహిందూదేశ ఐక్యసంఘమువారును కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినప్పుడు మెదకు, డోర్నకలు రెండును అందులో చేరినవి. ఇబ్రహీంపట్నమునకు దక్షిణమున పాలమూరులో బాప్టిస్టుల కేంద్రము 1885లో ఏర్పడెను. తూర్పున నల్గొండలో రష్యాదేశపు మెనోనైటు కుటుంబమున జన్మించిన అబ్రహాం ఫ్రీసెన్ 1890లో పని ప్రారంభించెను. అమెరికా మెనోనైటు బ్రెదరెనువారు 1899 మొదలుకొని హైదరాబాదును కేంద్రముగా చేసికొనిరి. మీ ప్రాంతము ఈ మూడింటి నడుమ నున్నది. మిషను బంగళాలు దూరము, పల్లెలు చెల్లాచెదురు. మిషనరీ యెడ్లబండిమీద వచ్చుట యేడాదికి ఒకటి రెండు మారులు. మిగిలిన దినములలో సంఘమనగా ఉపదేశియు, ఆయన చుట్టు కూడిన కొలది యిండ్లవారును మాత్రమే.

స్వాతంత్ర్యకాలమున మరియొక ప్రవాహము వచ్చెను. పంజాబునకు చెందిన భక్తసింగు 1941లో మద్రాసున ఒక సహవాసమును స్థాపించి, తరువాత హైదరాబాదును కేంద్రముగా చేసికొని హెబ్రోను సహవాసమును నడపెను. ఏటేట జరుగు మహాకూటములకు వేలజనులు వచ్చి, నేలమీద పంక్తిగా కూర్చుండి ఒకే వంటను భుజింతురు. ఆ ప్రేమవిందులో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో చూచుకొను ఆచారము లేదు. భక్తసింగు 2000 సెప్టెంబరు 17వ తేదీన హైదరాబాదులో మరణించెను. ఇక లోకపు మరియొక చివర దక్షిణకొరియాలో యొంగి చో అను కాపరి 1958లో కొలదిమందితో సంఘము ప్రారంభించెను. సంఘము వేలకు పెరిగినప్పుడు, 1964లో ఆయన అలసి రోగపీడితుడయ్యెను. ఒక్క మనుష్యుడు అందరిని కాయజాలడని గ్రహించి, సంఘమును ఇంటికూటములుగా విభజించెను. వాటిని నడపినవారిలో స్త్రీలే అధికులు. లోకములోని మిక్కిలి పెద్ద సంఘములలో ఒకటిగా అది పెరుగుటకు ఆ యింటికూటములు ఆధారమైనవి.

ఇంతవరకు కూటముల మేలు చెప్పితిని. చరిత్ర చెప్పువాడు వాటి కీడును దాచరాదు. మూడు అపాయములు కలవు.

మొదటిది, కూటము వాడకూటమై పోవుట. పదిమంది కూడుట సులభము. ఒకే వాడవారు, ఒకే యింటిపేరువారు కూడుట మరింత సులభము. మాలలు ఒక యింట, మాదిగలు ఒక యింట కూడి, ఆదివారమునాడు మాత్రము ఒక కప్పు క్రింద కూర్చుండి, ప్రక్క ప్రక్కలను రెండు సంఘములుగానే మిగిలిపోయిన గ్రామములు కలవు. అజరయ్య ఈ భేదముతో తన జీవితాంతము పోరాడెను. అది పూర్తిగా తొలగినదని చెప్పజాలము. వాడ దాటని కూటము బంధువుల ముచ్చటగును గాని సహవాసము కాజాలదు.

రెండవది, కూటము ఒక్కని సొత్తగుట. చక్కగా మాటలాడువాడు, చదివినవాడు, కొంచెము కలిగినవాడు నాయకుడగును. తరువాత ఇతరులు నోరు తెరవరు. అతనికి కాపరితో పొరపొచ్చెము వచ్చినచో, ఆ పదిమందిని తీసికొని వేరుపోయి క్రొత్త పలక కట్టును. ఒక చిన్న గ్రామమున నాలుగు ప్రార్థనామందిరములు, నాలుగింటియందును కలిసి నలువదిమంది లేకుండుట మనము చూచుచున్నదే. క్లౌ పద్ధతిలో మూడునెలల పెద్దకూట మెందుకో ఇప్పుడు తెలియగలదు. పిల్లకాలువకు తూముతో సంబంధము తెగినచో మొదట అది స్వతంత్రముగానే కనబడును, తరువాత ఎండిపోవును.

మూడవది, కూటము వట్టి యాచారమగుట. వెస్లీ కూటములకే ఈ గతి పట్టినది. ఆయన కాలమున మూడునెలల కొకసారి ప్రతివాని నడతను విచారించి టిక్కెట్టు ఇచ్చుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దము గడచుకొలదిని విచారణ మాసి టిక్కెట్టు మిగిలెను. కుశలప్రశ్న పోయి చందా మిగిలెను. జనులు రాక మానిరి. కూటములు క్రమముగా క్షీణించెను. చూడుడు, చందాతో మొదలై సహవాసముగా మారినది, మరల చందాగా ముగిసెను.

ఈ మూడపాయములను ఎరిగియుండియు, చిన్నకూటము లేకుండ సంఘము బ్రతుకజాలదని చరిత్ర తెలుపుచున్నది. పెద్దసభలో ఒకడు నాలుగువారములు రాకున్నను కాపరి గమనింపకపోవచ్చును. పదిమందిలో ఒకని చోటు ఖాళీగా నున్నచో ఆ రాత్రియే తెలియును. తెల్లవారకముందే ఒకరు అతని వాకిట నిలుచుందురు. పెద్దసభలో ఒక్కడు చెప్పును, వందమంది విందురు. చిన్నకూటములో వినుటయే యెరిగిన ముసలమ్మ కూడ తన బాధను, తన కృతజ్ఞతను తన మాటలలో చెప్పుకొనును. కలహించిన యిద్దరు పెద్దసభలో చెరియొక మూల కూర్చుండవచ్చును. చిన్నకూటములో ఒకే చాపమీద ఎదురెదురుగా కూర్చుండవలెను. సమాధానపడవలెను, లేదా లేచి పోవలెను. అందుచేతనే చిన్నకూటము సుఖమైనది కాదు. అది మనుష్యుని దాగనీయదు.

నేడు ఇబ్రహీంపట్నపు ప్రాంతము మారుచున్నది. నగరము మీ పొలముల గట్లవరకు వచ్చినది. పొలమమ్మినవాడు, ఉద్యోగమునకు పోవువాడు, దూరగ్రామమునుండి వచ్చి అద్దెయింట దిగినవాడు ఒకే వీధిలో నివసించుచున్నారు. పూర్వము గ్రామములో ఒకని ఆకలి అందరికి తెలిసియుండెను. ఇప్పుడు ప్రక్కవాటాలోని రోగము కూడ తెలియదు. ప్రార్థనామందిరములు పెద్దవగుచున్నవి, ధ్వనియంత్రములు బిగ్గరగుచున్నవి. ఇట్టి సమయమున పెద్దల బాధ్యత మరింత పెరుగుచున్నది. మీరు క్రైస్తవులైనను కాకున్నను, పల్లెలో నలుగురిని కూర్చోబెట్టి మాటలాడించుట మీకు తెలిసిన విద్య. అరుగుమీద జరిగిన ఆ విద్యనే క్రైస్తవసంఘమును తన ప్రాణముగా చేసికొని ఈ దేశమున నిలిచినది.

కావున సంఘపెద్దలకు నా మనవి యొక్కటే. మీ సంఘమున నెందరు సభ్యులని ఎవరైనను అడిగినచో పుస్తకము తెరచి సంఖ్య చెప్పుదురు గదా. ఆ పుస్తకమును మూయకముందు, అందులోని ప్రతి పేరునకు ఎదురుగా, ఈ వారము అతని వాకిట నిలిచి కుశలమడిగినవాని పేరు వ్రాయుడు. ఎచ్చట వ్రాయుటకు పేరు దొరకదో, మీ క్రొత్త కూటము అచ్చట మొదలు కావలెను. పదిమంది దొరకకున్నను వెనుదీయవలదు. ఒంగోలు గుట్ట నెక్కినవారు ఐదుగురే.